ముక్కున పుట్టి మెదడు చేరెడి కణములు

సంక్రాంతి దాటిన దినములలో మా చోడవరము చుట్టుపట్ల గ్రామములకు ఎవరైనను కన్నులు మూసికొని వచ్చినను, తాము ఎక్కడ నున్నది వారికి వేరుగ చెప్పవలసిన పని లేదు. పెనములలో చెరకురసము మరుగుచుండును. పొయ్యిలో ఎండిన పిప్పి మండుచుండును. పాకము ముదిరి బెల్లము కాబోవు సమయమున లేచెడి కమ్మని వాసన గాలితో ఊరిలోనికి వచ్చి పిల్లలను వెంటబెట్టుకొని పోవును. చోడవరము చిరకాలము విశాఖపట్నము జిల్లాలో నుండి, 2022లో క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను ఆ వాసన మారలేదు.

మా చిన్ననాడు ఆ వాసన తెలియని బాలుడొకడు మాతో నుండెడివాడు. అతని పేరు చెప్పుట అనవసరము. బడి విడిచిన పిమ్మట మేము వాసన పట్టి పెనము కడకు పరుగెత్తెడివారము. అతడు మమ్ము చూచి పరుగెత్తెడివాడు. వేడి పాకము ఆకులో వేసి ఇచ్చినచో తీపి బాగుగనే తెలిసెడిది. వాసన మాత్రము తెలియదు. "బెల్లము వాసన వచ్చుచున్నది" అని మేము అన్నప్పుడెల్ల, అది పిల్లలందరును కూడబలుకుకొని ఆడు ఆట యేమో యని అతడు తలచెనట. పుట్టుకతో లేని దానిని లేదని తెలిసికొనుట ఎంత కష్టమో చూడుడు. ఈ సంగతి చాల ఏండ్ల తరువాత అతడే నాతో చెప్పెను.

పదునెనిమిదవ ఏడు వచ్చినను అతనికి మీసము మొలవలేదు, గొంతు మారలేదు. ఈడువారు హేళన చేసిరి. తలిదండ్రులు మ్రొక్కులు మ్రొక్కిరి. ప్రకటనలు చూచి లేహ్యములు తెప్పించిరి. కొందరు పూర్వజన్మ కర్మమనిరి. తల్లి గర్భవతియై యున్నప్పుడు గ్రహణము చూచి యుండునని మరికొందరు ఆమెనే నిందించిరి. వాసన తెలియకుండుటకును, యౌవనము రాకుండుటకును ఏమైన సంబంధముండునా యని మాత్రము ఎవ్వరును అడుగలేదు. అడుగవలెనని తోచుటకును వీలు లేదు. మీసము ముక్కు క్రిందనే యుండును గాని, ఆ రెంటికిని గల చుట్టరికము మెదడు లోతులలో దాగియున్నది. ఆ చుట్టరికమును గురించియు, దానిని నడపుచున్న వృద్ధికారకములను పదార్థములను గురించియు ఈ ప్రసంగములో చెప్పదలచితిని.

ముందుగా యౌవనము ఎట్లు వచ్చునో చూతము. మెదడు అడుగు భాగమున హైపోథాలమస్ అను చిన్న ప్రదేశము కలదు. దాని బరువు సుమారు నాలుగు గ్రాములు. ఆకలి, దప్పిక, నిద్ర, శరీరపు వేడిమి మున్నగువానిని సరిచూచుచుండుట దాని పని. మనుష్యుని మెదడులో ఇంచుమించు 8,600 కోట్ల నాడీకణములు కలవని నేటి లెక్క. అందులో వేయి, రెండువేల కణములు మాత్రము హైపోథాలమస్‌లోను, దాని పరిసరములందును చెదరియుండి ఒక విశేషమైన హార్మోనును తయారుచేయుచున్నవి. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన దీర్ఘమైన పేరును కుదించి జి.ఎన్.ఆర్.హెచ్. అందురు. మన సౌలభ్యము కొరకు దానిని ప్రేరక హార్మోను అని పిలుచుకొందము.

పది అమినో ఆమ్లముల గొలుసే ఈ హార్మోను. అది సన్నని రక్తనాళముల గుండ క్రిందనున్న పీయూషగ్రంథికి చేరును. పీయూషగ్రంథి దాని మాట విని మరి రెండు హార్మోనులను రక్తములోనికి విడుచును. అవి బాలికలయందు అండాశయములను, బాలురయందు వృషణములను మేలుకొలుపును. ఆపైన శరీరము మారుట, గొంతు మారుట, ఋతుక్రమము ఆరంభమగుట మున్నగునవి జరుగును. మనము ఈడేరుట యని పిలుచు ఈ మహత్తరమైన మార్పునకు మొదటి మాట పలుకునవి ఆ రెండువేల కణములే. అవి మౌనము వహించినచో తక్కిన అవయవములన్నియు చక్కగా నుండియు ఊరకుండును.

ఈ హార్మోను నిర్మాణమును 1971లో కనుగొనిరి. అమెరికాలో ఆండ్రూ షాలీ, రోజర్ గిలెమిన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పోటీపడి దీని కొరకు వెదకిరి. షాలీ పందుల మెదళ్ళను, గిలెమిన్ గొర్రెల మెదళ్ళను ఎన్నుకొనిరి. ఒక్కొక్క మెదడులో ఈ పదార్థము ఎంత స్వల్పముగ నుండుననగా, పరీక్షకు చాలినంత సంపాదించుటకు కబేళాల నుండి లక్షకు మించిన మెదడు ముక్కలు సేకరింపవలసి వచ్చెను. మెదడు తయారుచేయు హార్మోనులను గురించిన ఈ కృషికి 1977లో ఇరువురికిని నోబెల్ బహుమానము లభించెను.

ఆ కణములకు మరియొక గుణము కలదు. అవి తమ హార్మోనును ఏకధారగా విడువవు. ఇంచుమించు గంటకో, గంటన్నరకో ఒక పర్యాయము అన్నియు కలిసి కొంచెము విడిచి ఊరకుండును. 1978లో ఎర్నెస్ట్ నోబిల్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును కోతులపై పరీక్షలు జరిపి దీని రహస్యమును వెల్లడించిరి. ఆ హార్మోనును గంటకొక పర్యాయము ఎక్కించినపుడు పీయూషగ్రంథి చక్కగా పనిచేసినది. ఎడతెగక ఎక్కించినపుడు పని మానివేసినది. వాకిట నిలిచి ఆగి ఆగి తలుపు తట్టినచో లోపలివారు లేచి వత్తురు. ఎడతెగక బాదుచునే యున్నచో కొంతసేపటికి ఆ చప్పుడును పట్టించుకొనుట మానివేయుదురు. పీయూషగ్రంథి స్వభావమును అట్టిదే.

ఇక వృద్ధికారకముల మాట. హార్మోనులు రక్తములో కలిసి దూరమున నున్న అవయవములకు వార్త చేర్చును. వృద్ధికారకములు సాధారణముగ దాపున నున్న కణములతో మాటలాడును. పుట్టుము, పెరుగుము, విభజన చెందుము, ఇటు కదలుము, ఇక్కడ ఆగుము, చావక నిలువుము అను ఆజ్ఞలే ఆ మాటలు. చెప్పెడివారి మాట వినుటకు చెవి యుండవలెను గదా! కణము పైపొరలో నుండెడి అట్టి చెవిని గ్రాహకమందురు. ఒక్కొక్క వృద్ధికారకమునకు దానికి తగిన గ్రాహకముండును. గ్రాహకము లేని కణమునకు ఆ మాట వినబడదు.

వీనిలో మొదట బయటపడినది నాడీవృద్ధికారకము. దాని కథ ఇటలీలోని టురిన్ నగరమున ఒక పడకగదిలో ఆరంభమైనది. రీటా లెవీ-మోంటల్చీని అను యువ వైద్యురాలు యూదు కుటుంబమునకు చెందినది. 1938లో అచ్చటి ప్రభుత్వము చేసిన జాతి చట్టములవలన ఆమెకు విశ్వవిద్యాలయములో తావు లేకుండెను. ఆమె ఇంటిలోనే పరిశోధనశాల నేర్పరచుకొని, కోడిగ్రుడ్లలోని పిండముల నాడులు ఎట్లు పెరుగునో పరిశీలించెను. యుద్ధానంతరము అమెరికా వెళ్ళి, 1950 తరువాతి సంవత్సరములలో నాడులను పెంచు పదార్థమొకటి యున్నదని నిరూపించెను. దానిని శుద్ధిచేసిన స్టాన్లీ కోహెన్ మరియొక పదార్థమును గూడ కనుగొనెను. దానిని ఎక్కించిన ఎలుకపిల్లలు నియమిత కాలమునకు ముందే కన్నులు తెరచినవి. వాని పండ్లును ముందుగ వచ్చినవి. చర్మపు పైపొరను పెంచు కారకమది. ఇరువురికిని 1986లో నోబెల్ బహుమానము వచ్చెను. ఎలుకపిల్లల కన్నులు తెరపించిన ఆ కారకపు చుట్టములే మనుష్యుల యౌవనమును గూడ మేలుకొలుపుటకు తోడ్పడుచున్నవని తరువాత తేలినది. ఆ ముచ్చటకు మరల వత్తము.

ప్రేరక హార్మోనును తయారుచేయు కణములు ఎక్కడ పుట్టును? మెదడులో పనిచేయు కణములు మెదడులోనే పుట్టునని ఎవరైనను అనుకొందురు. 1989లో రెండు పరిశోధక బృందములు వేరువేరుగ ఎలుకలపై జరిపిన పరిశోధనలు ఆ భావమును తారుమారు చేసినవి. ఈ కణములు పుట్టునది ముక్కులో! పిండము ఇంకను చిటికెనవ్రేలి కొనంత యున్నప్పుడే, ముక్కు కాబోవు చోట ఇవి పుట్టి, వాసనకు సంబంధించిన నాడీతంతువుల ప్రక్కనున్న దారిని పట్టుకొని మెదడులోనికి పయనించును. మనుష్య పిండములో ఈ ప్రయాణము ఇంచుమించు ఆరవ వారమున మొదలగును.

మన రైతులు వరినారును ఒక మడిలో పోసి, మొలక ఎదిగిన పిమ్మట పొలములో నాటుదురు. ఈ కణములకు ముక్కు నారుమడి, హైపోథాలమస్ పొలము. నారుమడిలో విత్తనము మొలకెత్తవలెను. మొలక పొలము చేరవలెను. చేరిన పిమ్మట వేరూనవలెను. ఈ మూడు పనులలోను వృద్ధికారకముల చేయి కలదు.

మొదటి పనికి ముఖ్యమైనది తంతుకణ వృద్ధికారకముల కుటుంబములో ఎనిమిదవది. ఆ కారకము మిక్కిలి తక్కువగ నుండునట్లు జన్యువును మార్చిన ఎలుకలలో ప్రేరక కణములు పుట్టనే లేదు. నారుమడియే ఎండిపోయినదన్నమాట. దారిలో సాయపడు వానిలో ఒకదానికి కాలేయకణ వృద్ధికారకమని పేరు. కాలేయపు కణములను పెంచునదిగా మొదట గుర్తింపబడుటచే ఆ పేరు వచ్చినది గాని, ముక్కు నుండి మెదడునకు సాగు ఈ కణములకు అది దారి చూపుచున్నదని ఎలుకలపై జరిపిన పరిశోధనలవలన తెలిసినది. ప్రకృతి ఒక పదార్థమును ఒక్క పనికే పరిమితము చేయదు. మన ఇండ్లలో పసుపు కూరకును, గాయమునకును, గడపకును పనికివచ్చుట లేదా?

ఈ ప్రయాణము చెడినచో ఏమగును? 1856లోనే స్పెయిన్ దేశమున మేస్త్రే దె సాన్ హువాన్ అను వైద్యుడు ఒక మృతదేహమును పరీక్షించి, మెదడులో వాసన తెలిపెడి భాగములు లేకుండుటను, వృషణములు పెరుగకుండుటను ఒకే మనుష్యునియందు చూచి వ్రాసిపెట్టెను. 1944లో అమెరికాలో ఫ్రాంజ్ కాల్మన్ అను వైద్యుడును, ఆయన సహచరులును మూడు కుటుంబములలో ఇట్టివారిని గుర్తించి, ఇది వంశములలో వచ్చుచున్నదని తెలిపిరి. నాటినుండి దీనికి కాల్మన్ లక్షణసముదాయమని పేరు. కారణము మాత్రము తెలియదు. 1989లో ఈ లోపము గల ఒక మానవ పిండమును పరీక్షించినపుడు, ప్రేరక కణములు ముక్కునకును మెదడునకును నడుమ గుమిగూడి ఆగిపోయి యుండుట కనబడెను. వాసన నాడులు మెదడును చేరకపోగా వాని వెంట నడువవలసిన కణములును చేరలేదు. ముక్కునకును మీసమునకును గల చుట్టరికము అప్పుడు కన్నులకు కట్టినట్లు తెలిసినది.

ఆపైన జన్యువులు ఒకటొకటిగా బయటపడినవి. 1991లో ఎక్స్ క్రోమోజోముపై నున్న జన్యువొకటి దొరికినది. 2003లో తంతుకణ వృద్ధికారకమును వినెడి మొదటి గ్రాహకపు జన్యువులో దోషములున్నను ఈ స్థితి కలుగునని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు చూపిరి. అనగా మాట యున్నది, చెవి లేదు. 2008లో ఎనిమిదవ కారకపు జన్యువులోని దోషములే కొందరిలో కనబడినవి. అనగా చెవి యున్నది, మాట లేదు. రెంటి ఫలితమును ఒక్కటే. ఇప్పటికి ఇట్టి జన్యువులు అనేకములు తెలిసినవి. అయినను ఎందరో రోగులలో కారణభూతమైన జన్యువు నేటికిని దొరుకదు.

కణములు క్షేమముగ చేరినంత మాత్రమున కథ ముగియలేదు. శిశువు పుట్టిన తరువాత కొన్ని నెలలు ఇవి కొంత చురుకుగ నుండి, పిమ్మట ఏండ్ల తరబడి మౌనము వహించును. పది పండ్రెండేండ్ల ప్రాయమున మరల మేల్కొనును. వీనిని తట్టి లేపు వానిలో ముఖ్యమైనది కిస్‌పెప్టిన్ అను పదార్థమని 2003లో తెలిసినది. అది ఇతర నాడీకణములు విడుచునట్టిది. వృద్ధికారకములును తమ వంతు పని చేయుచున్నవి.

మెదడులో నాడీకణములతో పాటు గ్లియా కణములని వేరొక జాతి కలదు. ఇవి నాడీకణములకు అండగా నుండి వానిని పోషించును. చాల కాలము వీనిని ఇంటి పనివారివలె చూచిరి. యజమాని నాడీకణమే యని తలచిరి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున సెర్హియో ఓహేదా అను శాస్త్రజ్ఞుడును, ఆయన శిష్యులును 1990 ప్రాంతము నుండి జరిపిన పరిశోధనలవలన వేరొక సంగతి తెలిసినది. యౌవనము సమీపించినపుడు హైపోథాలమస్‌లోని గ్లియా కణములు ఒక వృద్ధికారకమును ఎక్కువగ తయారుచేయును. దాని పేరు ఆల్ఫా పరివర్తక వృద్ధికారకము. కోహెన్ కనుగొన్న కారకమునకు ఇది దగ్గర చుట్టము, రెంటికిని గ్రాహకమొక్కటే. ఇది నేరుగ ప్రేరక కణములను తాకదు. ప్రక్కనున్న గ్లియా కణముల గ్రాహకములకు తగిలి, వానిచే ప్రోస్టాగ్లాండిన్ అను వేరొక పదార్థమును విడిపించును. ఆ పదార్థము తగిలి ప్రేరక కణములు తమ హార్మోనును విడుచును. ఇంటి పెద్ద లేచుటకు ముందు పనివారు లేచి దీపము వెలిగించినట్లున్నది గదా!

దీనికి విపరీతమైన సాక్ష్యమొకటి కలదు. కొందరు చిన్నపిల్లలకు హైపోథాలమస్ దగ్గర పుట్టుకతోనే ఒక చిన్న కంతి యుండును. అది పుట్టకురుపు కాదు, వ్యాపించునదియు కాదు. అయినను అట్టి పిల్లలలో కొందరు మూడు నాలుగేండ్లకే యౌవన లక్షణములు పొందుదురు. అట్టి కంతులను పరీక్షింపగా కొన్నింటిలో ఈ ఆల్ఫా కారకము పుష్కలముగ నుండుట కనబడినది. లేపవలసిన చేయి అకాలమున లేపుచున్నదన్నమాట.

ఇక మన నిత్యజీవితమునకు దగ్గరగా నున్న కారకము ఇన్సులిన్‌ను పోలిన వృద్ధికారకము. పీయూషగ్రంథి విడిచెడి వృద్ధి హార్మోను ప్రేరేపణవలన ఇది విశేషముగ కాలేయములో తయారై రక్తములో సంచరించును. ఎముకలు పొడవగుటకు ఇది ముఖ్యము. ఆహారము చాలనిచో, మాంసకృత్తులు లోపించినచో రక్తములో ఇది తగ్గిపోవును. పిల్లలు ఎదుగుచు ఈడేరు కాలమున బాగుగ పెరుగును. ఆడ ఎలుకల మెదడులోనికి దీనిని కొంచెముగ ఎక్కించినపుడు అవి ముందుగ ఈడేరినవి. అనగా దేహము తగినంత బలము కూడబెట్టుకొన్నదను వార్తను మెదడునకు చేర్చు దూతలలో ఇది యొకటి. కొవ్వు నుండి వచ్చు లెప్టిన్ అను హార్మోను మరియొక దూత. గాదెలో ధాన్యము చూచుకొని పెండ్లి ముహూర్తము పెట్టించు గృహస్థువలె, మెదడు దేహపు నిలువలను విచారించి గాని యౌవనమునకు అనుమతి నీయదు.

ఈ సంగతికి మన తెలుగు గడ్డపైననే సాక్ష్యము కలదు. కూనూరులో ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడుచున్న పరిశోధనాలయము మనకు తెలిసినదే. ఆ సంస్థకు చెందిన సత్యనారాయణ, నాయుడు అను పరిశోధకులు హైదరాబాదు పరిసర గ్రామముల బాలికలను పరిశీలించి 1979లో ఒక వ్యాసము ప్రచురించిరి. పోషణ బాగుగనున్న బాలికలు ముందుగను, ఎదుగుదల కుంటుపడినవారు ఆలస్యముగను రజస్వలలగుచున్నారని అందు తేలినది. వారు కొలిచినది ఎత్తును, బరువును. మెదడులోని కారకములను కాదు. ఆ కొలతల వెనుక నున్న యంత్రాంగమును తరువాతి పరిశోధనలు కొంతకు కొంత వెల్లడించినవి.

కనుక బిడ్డ ఈడేరుట ఆలస్యమైనంతనే గాబరా పడనక్కరలేదు. కొన్ని వంశములలో తండ్రియో తల్లియో ఆలస్యముగ ఎదిగి యుందురు. బిడ్డయు అట్లే ఎదుగును. కొందరికి ఆహారలోపము, దీర్ఘవ్యాధి, థైరాయిడ్ గ్రంథి లోపము కారణములగును. అయితే ఉపేక్షకును హద్దుండవలెను. ఆడపిల్లకు పదమూడేండ్లు నిండినను వక్షోజముల ఎదుగుదల మొదలు కాకున్నను, పదునైదేండ్లు నిండినను రజస్వల కాకున్నను, మగపిల్లవానికి పదునాలుగేండ్లు నిండినను యౌవన లక్షణములు మొదలు కాకున్నను వైద్యునకు చూపవలెను. ఎనిమిదేండ్లకు ముందే ఆడపిల్లకును, తొమ్మిదేండ్లకు ముందే మగపిల్లవానికిని ఆ లక్షణములు కనబడినచో అప్పుడును చూపవలెను.

చూపునపుడు ఒక మాట వైద్యుడు అడుగకున్నను మీరే చెప్పవలెను: బిడ్డకు వాసన తెలియునా, తెలియదా? ఇంటిలోనే దీనిని గమనింపవచ్చును. కన్నులు మూయించి కాఫీపొడియో, బెల్లమో, మల్లెపూవో ముక్కు దగ్గర పెట్టి అడుగుడు. కర్పూరము, అమృతాంజనము వంటి ఘాటైన వస్తువులతో మాత్రము పరీక్ష చేయవలదు. ఘాటును మెదడునకు తెలుపునది వేరొక నాడి; వాసన బొత్తిగ తెలియనివారికిని ఘాటు తెలియును. ఆ పరీక్షచే మోసపోవుదుము. మగశిశువు పుట్టినపుడే వృషణములు క్రిందికి దిగకుండుట, గ్రహణపుమొఱ్ఱి, కొన్ని దంతములు రాకుండుట, ఒక చేతితో చేయు పనిని రెండవ చేయి తనంత తానే అనుకరించుట మున్నగునవి గూడ కొందరియందు తోడుగ నుండును. వాసన చక్కగ తెలిసియు ఈ ప్రేరక హార్మోను లోపించినవారును కలరని మరువరాదు.

ఈ లోపము అరుదైనదే. మగవారిలో సుమారు ముప్పదివేలకు ఒకరికి, ఆడువారిలో అంతకంటె చాల తక్కువమందికి ఉండునని అంచనా. అరుదైనను చికిత్స లేనిది కాదు. లోపించిన హార్మోనులను బయటినుండి ఇచ్చినచో శరీరము యౌవనము పొందును; ఎముకలు గట్టిపడును. చికిత్స లేనిచో చిన్న వయసుననే ఎముకలు డొల్లబారు ప్రమాదము కలదు. సంతానము కావలెనన్న, పీయూషగ్రంథి విడువవలసిన హార్మోనులను సూదిమందుగ కొంతకాలము తీసికొన్నచో అనేకులకు ఫలించును. ప్రేరక హార్మోనునే చిన్న యంత్రము ద్వారా ఆగి ఆగి ఎక్కించి మగవారిలో యౌవనమును కలిగింపవచ్చునని 1982లోనే అమెరికా వైద్యులు చూపిరి. నోబిల్ కోతులయందు కనిపెట్టిన నియమము మనుష్యులకును పనికివచ్చినది. మరియొక ఆశ్చర్యము: చికిత్స పొందినవారిలో ఇంచుమించు పదింట ఒకరికి, మందు మానిన తరువాతను శరీరము తనంత తానే పనిచేయ మొదలిడినదని 2007లో ప్రకటింపబడెను. వారిలో తంతుకణ గ్రాహకపు దోషము గలవారును ఉండిరి. మెదడు పెద్దవయసున గూడ కొంత నేర్చుకొనగలదన్నమాట.

ఇంత తెలిసిన పిమ్మట మన గ్రామములలో జరుగుచున్నదేమి? ఈడేరని కుమారునికి "పెండ్లి చేసినచో అన్నియు సర్దుకొనును" అని పెండ్లి చేయుదురు. బిడ్డలు కలుగనిచో గొడ్రాలను మాట కోడలిపై పడును. రజస్వల కాని ఆడపిల్లను ఇంటిలో దాచియుంచి, వైద్యునకు చూపుటకు గూడ సిగ్గుపడుదురు. గర్భములో ఆరవ వారమున దారితప్పిన కొన్ని కణములకు, ఈ కుమారుడు గాని, కోడలు గాని, గ్రహణము చూచినదని నిందింపబడిన తల్లి గాని ఏ విధముగ బాధ్యులు? విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రిలో వినాళగ్రంథులకు సంబంధించిన వైద్యవిభాగము కలదు. చోడవరము నుండి ఒక్క దినములో పోయి రావచ్చును. లేహ్యములకు వెచ్చించు సొమ్ములో కొంత బస్సు చార్జీలకు వెచ్చించినచో చాలును.

నా మిత్రుని సంగతి ముగించెదను. ఇరువదియెనిమిదవ ఏట అతడు వేరొక పనిమీద ఒక వైద్యుని కడకు పోయెను. ఆయన అతని ముఖము చూచి, గొంతు విని, "మీది బెల్లపు సీమ గదా, బెల్లము వాసన ఎట్లుండునో చెప్పుము" అని అడిగెనట. ఇరువదియెనిమిదేండ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనుష్యుడాయనయే. చికిత్స మొదలైనది. కొన్ని నెలలకు గొంతు మారినది. అతడు పనిచేయు ఊరి నుండి ఇంటికి ఫోను చేసినపుడు, తల్లి గుర్తింపలేక "ఎవరు బాబూ?" అని అడిగెను. "నేనేనమ్మా" అని అతడు చెప్పగా, ఆమె మరల మరల అదే మాట పలికించుకొని వినెనట.

తరువాత పెండ్లియైనది. రెండేండ్లు సూదిమందులు తీసికొనిన పిమ్మట ఒక కుమార్తె కలిగినది. వాసన మాత్రము రాలేదు, రాదు. ముక్కు నుండి మెదడునకు ఆ నాడుల దారి లేదు. మొన్నటి సంక్రాంతికి మా ఊరు వెళ్ళినపుడు వారు కనబడిరి. పాకము దించు వేళకు ఆ పిల్ల వాసన పట్టి, తండ్రి చేయి పట్టుకొని పెనము కడకు లాగుకొని పోవుచుండెను.